పెద్ద బండికి కొత్త ఇంజన్

జూన్ 9, సోమవారం

పాత ఇంజన్ దిగిపోయింది. పెరట్లో గొలుసు కప్పీకి వేలాడుతూ నల్లటి నూనె కారుస్తోంది. కింద నా స్కూలు చీర పరిచారు, అడగకుండానే. గట్టిగా నిలదీస్తే సామ్సన్ నవ్వుతాడు — "అది సీరేటి వదినా? మసిగుడ్డనుకున్నాను." మా మరిది. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, మా పెరట్లో పెత్తనం.

ఈయన స్టూలు మీద కూర్చుని బోల్టులు ఒక్కొక్కటే కిరసనాయిలులో కడుగుతున్నారు. కళ్లు పచ్చగా ఉన్నాయి. ఎండలో మరీ పచ్చగా కనిపిస్తున్నాయి.

"డాక్టరు రెస్టు తీసుకోమన్నాడు గదండీ."

"ఇదే రెస్టే."

డాక్టరు నాతో విడిగా అన్న మాట వేరు. దుర్గాపూజల దాకా అన్నాడు. ఆ తర్వాత సంగతి అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఈయనకూ తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోం. ఇంజన్ గురించి మాట్లాడుకుంటాం.

జూన్ 11

అసలు ఇదంతా మరియమ్మ పిన్నిని సమాధి చేసిన రోజున మొదలైంది.

మామగారు మిలటరీ వేలంలో కొన్న పికప్ ఇది. జీపు మూతి, వెనక చెక్కల తొట్టి. చర్చి బల్లలు మోసింది, పెళ్లి గిన్నెలు మోసింది, కానీ దాని అసలు పని ఒక్కటే — ఈ బెంగాలీల రైల్వే ఊళ్లో మన తెలుగువాళ్లలో ఎవరు పోయినా చర్చి నుంచి సమాధుల తోట దాకా తీసుకెళ్లడం. తొట్టిలో పెట్టె. వెనకాల జనం పాడుకుంటూ నడక. పోయినవాళ్ల ఇంటి మనిషి బండి వెనక తలుపు, అదే డాలా, మీద చెయ్యి వేసి నడవాలి. చెయ్యి తియ్యకూడదు. అందుకని బండి మనిషి నడకనే నడవాలి, అదీ ఏడుస్తున్న మనిషి నడక. ముందు మామగారు నడిపారు, తర్వాత ఈయన.

పిన్నిని తీసుకెళ్తుంటే పూరీ గేట్ దగ్గర ఇంజన్ దగ్గి దగ్గి ఆగిపోయింది. పాట ఆపకుండానే మగవాళ్లంతా తోశారు. ఇంటికొచ్చి ఈయన అన్నం ముట్టలేదు. "పిన్నిని నడిరోడ్డు మీద నిలబెట్టీసినాను."

"ఆవిడ పడుకునే ఉంది లెండి" అన్నాను. నవ్వలేదు.

తర్వాత అన్నారు — "నా తర్వాత సామ్సన్ గాడు నడుపుతాడు. ఆడికి ఆగిపోయే బండి ఇచ్చీసి ఎల్లిపోమంటావేటి?"

నా తర్వాత! క్యూలో నిలబడ్డవాడు వెనకవాడికి చెప్పినట్టు ఎంత తేలిగ్గా అన్నారో. ఒళ్లు మండిపోయింది. గిన్నెలు ఎత్తేసి చప్పుడుగా పడేశాను.

జూన్ 13

పిల్లల కాపీ పుస్తకాలు దిద్దాలి. కలం పట్టుకుని కూర్చున్నాను, అంతే.

జూన్ 17

కొత్త ఇంజన్ వచ్చింది. కబాడీ వాడి పాత ఇనప కొట్లో, గుద్దుకుని ముందు భాగం నుజ్జయిన పికప్‌లోది. డీజిల్. కంప్యూటర్ డబ్బా లేని రకమే కావాలని వెతికించారు ఈయన, రేపు చెడితే సామ్సన్ చేత్తోనే బాగుచేసుకోవాలని. దాంతోపాటే దాని గేర్ బాక్సు. సామ్సన్ దాన్ని ఆవుదూడని నిమిరినట్టు నిమురుతున్నాడు. "ఐదు గేర్లు వదినా! పాతదానికి మూడే గదా!"

"ఐదు గేర్లేసుకుని సమాధులకి ఎక్కడికి పోతావురా?"

అన్నదమ్ములిద్దరూ టేపు పట్టుకుని మూతి నుంచి తొట్టి దాకా కొలిచారు. ఇంజన్ కూర్చునే ఫౌండేషన్లు కొత్తగా వెల్డింగ్ చెయ్యాలి. రేడియేటరు ముందుకు జరపాలి. వెనక జాయింటు షాఫ్టు కోసి మళ్లీ అతకాలి. పాత గేర్ బాక్సు వెనక ఇంకో చిన్న ఇనప పెట్టె ఉండేది, లో గేరు పెట్టె. అది ఊడదీసి కుళాయి పక్కన పడేశారు. నాలుగు చక్రాలూ లాగే బండి మనకెందుకు, బరువు దండగ అని.

టీ ఇవ్వడానికి వెళ్లి అక్కడే నిలబడిపోయాను. ఎంత పని ఉందో చూశాను. చాలా ఉంది. దేవా, చాలా ఉంది. పని ఉన్నన్నాళ్లూ ఈ మనిషి లేచి కూర్చుంటాడు. నాకు ఇంజన్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

జూన్ 26

బండి లేచింది! వీధి వీధంతా దద్దరిల్లింది. ఈయన స్టీరింగ్ పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ వీధి చివరి దాకా పోయి వచ్చారు. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు చూసి.

అప్పుడే మా చర్చి అయ్యగారు ప్రార్థన చేద్దామని వచ్చారు. "మీరంతా ఎనకాల నడండి, సూద్దాం" అన్నారు ఈయన. నేను డాలా మీద చెయ్యి వేశాను. పక్కన అయ్యగారు, సామ్సన్. ఫస్టు గేరు వేసి కాళ్లు రెండూ పైకి తీశారు.

బండి వెళ్లిపోయింది. నా చేతి కింద నుంచి జారి వెళ్లిపోయింది. మోకాలు కలుక్కుమంది. అయ్యగారు అంగీ అంచు ఎత్తిపట్టుకుని నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయారు. సామ్సన్ ఒక్కడే పట్టుకోగలిగాడు.

దిగలేదు ఈయన. తల స్టీరింగ్ మీద పెట్టేశారు. "ఎంతసేపూ లాగుతాదా లేదా అని సూసినాను. నడుస్తాదా అని సూళ్లేదు."

లోకో షెడ్డులో జన్మంతా ఇంజన్లు నడిపించిన మనిషి! పాతదాంట్లో ఆ చిన్న పెట్టెలోని లో గేరు వేస్తేనే బండి మనిషి నడకకి దిగేది. అది అలవాటయిపోయి, ఉన్నట్టే మర్చిపోయారు ఇద్దరూ. సామ్సన్ అన్నాడు, క్లచ్చి తొక్కుతూ వదులుతూ నడిపేయొచ్చని. "కుదుపుతాది. పెట్టె కుదపకూడదురా" అన్నారు ఈయన.

అంటే మళ్లీ అన్నీ విప్పాలి. కొత్త గేర్ బాక్సు వెనకాల ఆ పాత పెట్టె తగిలించాలి. రెండింటి బోల్టుల కన్నాలూ కలవవు కనక మధ్యలో ఒక మందపాటి ఇనప ప్లేటు కోయించాలి.

ఆయన అలా కుమిలిపోతుంటే నేను వంటింట్లోకి వచ్చి దేవుడికి థాంక్స్ చెప్పాను. తప్పే. అయినా చెప్పాను.

జూలై 1

అట్టముక్క మీద ప్లేటు బొమ్మ గీసి ఇచ్చారు. గోల్‌బజార్ వెనక సందులో బిశూ దా లేతు మిషను కొట్టు ఉంది. స్కూలు నుంచి దారే కదా, నేనిస్తానన్నాను.

ఇచ్చాను. ఇచ్చి, గుమ్మం దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లాను. "తాడా నేయ్ దాదా. ధీరే సుస్థే." తొందరేం లేదు, మెల్లిగా చెయ్యండి.

కళ్లద్దాల పైనుంచి చూశాడు. మీ ఆయన డేనియల్ దా పని అయితే ముందు చేస్తాను బౌదీ, అన్నాడు. మెల్లిగానే చెయ్యండి, నేను చెప్తున్నాను కదా అన్నాను. తలూపి అట్టముక్క మేకుకి తగిలించాడు.

ప్లేటు రాకపోతే బండి తయారవదు. బండి తయారవకపోతే…

జూలై 5

ఇడ్లీ తిన్నారు. వైర్లు అతుకుతూ ఈల వేశారు. నేను చేసిన పని మంచిదే.

జూలై 10

"ప్లేటేదే?"

"వాళ్ల సందులో కరెంటు లేదంట."

క్లాసులో అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కిస్తాను నేను.

జూలై 14

మళ్లీ అడిగారు. బిశూ దాకి జ్వరమన్నాను. పాపం ఆయన దుక్కలా ఉన్నాడు. "జొరమైతే కొడుకు లేడేటి? బిశూ ఎప్పుడూ ఇలగ సెయ్యడు" — గొణుక్కుంటూ బండి తలుపుకి రంగు వేస్తున్నారు. రెండు బ్రష్షు దెబ్బలేసి ఆయాసం తీర్చుకుంటున్నారు. ముందు అలా ఉండేది కాదు. నేను చూడనట్టు బట్టలు ఆరేశాను.

జూలై 18

జాన్ మాస్టారు పోయారు.

మన బండి కప్పీ కింద విప్పేసి ఉంది. అద్దాల వ్యాను మాట్లాడారు. డ్రైవరు కుర్రాడు మంచివాడే, కానీ వాడికేం తెలుసు? ఇంజన్ స్టార్ట్ చేసి పోనిచ్చాడు. దానికి డాలా లేదు, పట్టుకోవడానికి ఏమీ లేదు. మాస్టారి భార్య అద్దం మీద చెయ్యి ఆనించి నడవబోయింది. చెయ్యి అలా గాల్లో ఉండిపోయింది. పాట ఎత్తుకున్న ఆడవాళ్లు రెండో చరణం దగ్గర ఆపేసి టోటోలు, అవే బ్యాటరీ ఆటోలు, ఎక్కారు. మేం వెళ్లేసరికి పెట్టె దించేసి, వ్యాను వెనక్కి తిరుగుతోంది.

ఇంటికొచ్చి ఈయనకు ఏమీ చెప్పకూడదనుకున్నాను. సామ్సన్ చెప్పేశాడు. ఈయన చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "మాస్టారు నాకు ఎక్కాలు సెప్పినాడే. ఆయన్నలగ సామానేసుకుపోయినట్టు ఒట్టుకుపోనారా."

మాస్టారి భార్య చెయ్యి కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ప్లేటు వచ్చి ఉంటే బండి ఉండేది.

అయినా రేపు బిశూ దా దగ్గరకు వెళ్తానా? వెళ్లను. నాకు తెలుసు, వెళ్లను.

జూలై 22

అయ్యగారు స్కూలు గేటు దగ్గర కనిపించి — "బండి ఎంతవరకు వచ్చిందమ్మా?"

"ఎవరికండీ అంత తొందర?" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. మంచి మనిషి. నా నోటికి తాళం లేదు.

జూలై 27, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. పొద్దున్న ఈయన పానా తీసుకుని బండి కిందికి వంగారు. పానా చేతిలోంచి జారిపోయింది. తీశారు. మళ్లీ జారింది. మూడోసారి తియ్యలేదు. అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. ఎవరి చెయ్యో అన్నట్టు.

"నీరసం" అన్నాను. "పాలు తాగండి."

"ఊఁ" అన్నారు.

జూలై 28

స్కూలు ఎగ్గొట్టి గోల్‌బజార్ పరుగెత్తాను. "దాదా, ఇవాళే కావాలి. ఇప్పుడే మొదలుపెట్టండి."

బిశూ దా లేచి పైఅర మీదినుంచి కాగితం పొట్లం దించాడు. ప్లేటు. నూనె రాసి, చుట్టి, దారం కట్టి. ఎప్పుడో అయిపోయిందట. మీరే కదా బౌదీ మెల్లిగా అన్నారు, ఏదో కారణం ఉంటుందనుకున్నాను, అడగలేదు అన్నాడు. నా మొహం చూసి స్టూలు జరిపాడు. మంచినీళ్లు ఇచ్చాడు.

టోటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఎంత బరువో. చీరంతా నూనె. గుంతలో పడ్డప్పుడల్లా కింద పడిపోతుందేమోనని రెండు చేతులా హత్తుకున్నాను. ఏడుపొచ్చేసింది. టోటో అతను వెనక్కి తిరిగి "కీ హోలో దీదీ?" అంటాడు. ఏమైందని చెప్పను?

ఈయన పొట్లం విప్పి ప్లేటు మీద వేలు పెట్టి నిమిరారు. కన్నాలన్నీ తడిమారు. "పని సూడు! ఎంత బాగా కోసినాడో." ఆ తర్వాత — "పదిరోజుల కిందట వొచ్చుంటే."

ఆగస్టు 2

సామ్సన్ బిగిస్తున్నాడు. ఈయన కుర్చీలో. పెట్టె పైకెత్తి కన్నాలు కలిపాక సామ్సన్ ఒక బోల్టు ఈయన చేతికిచ్చి — "మొదటిది నువ్వెట్టు అన్నా" అన్నాడు. పెట్టబోయారు. వేళ్లు బోల్టును తిప్పలేకపోయాయి. సామ్సన్ వెంటనే "కన్నంలో తుప్పుంది, నేను సూస్తానుండు" అన్నాడు. కొత్త ప్లేటు. తుప్పేమిటి?

నమ్మినట్టు తలాడించారు. ఆ కోపమంతా బిశూ దా మీదకు తిరిగింది. "ఆడికింక పని ఇవ్వకురా సామ్సన్. నమ్మినోణ్ని సెయ్యిచ్చీసినాడు."

నేను లోపలికి వచ్చేశాను.

ఆగస్టు 4

ఈ పూట కూడా అదే తిట్టు. పప్పు వడ్డిస్తున్నాను. గరిటె కింద పెట్టి చెప్పేశాను. "బిశూ దాని ఏమీ అనకండి. మెల్లిగా చెయ్యమని నేనే చెప్పాను. ప్లేటు ఎప్పుడో అయిపోయింది."

నా వైపు చూశారు. అర్థమయ్యాక కంచం పక్కకు జరిపేశారు.

సామ్సన్ తన కంచం తీసుకుని లేచిపోయాడు.

ఆగస్టు 5

మాట్లాడరు.

ఆగస్టు 7

మందు సామ్సన్ చేత్తో ఇస్తేనే వేసుకుంటున్నారు. నేను గ్లాసు పట్టుకుని నిలబడితే కళ్లు మూసుకుంటారు. ఉన్నవే కొన్ని రోజులు. వాటినీ నేనే ఇలా చేసుకున్నాను. అంతకన్నా నన్ను తిట్టండి, చెయ్యి చేసుకోండి, ఏదో ఒకటి… పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషితో ఒక పూట మించి మౌనం ఎరగను. మాట్లాడితే గొడవ, గొడవైతే టీ. అదే మా కాపురం.

ఆగస్టు 9

పొద్దున్న పక్క దులుపుతుంటే అన్నారు, గోడ వైపు తిరిగే.

"నా సేత్తో బిగించీవోణ్ని గదే."

అక్కడే కూర్చుండిపోయాను.

"పిన్ని దగ్గర ఆగిపోనాది. మాస్టారికి అసలు లేకపోనాది. ఇది ఒక్కటైనా నా సేత్తో పూర్తి సెయ్యాలనుకున్నాను. నువ్వు సెయ్యనివ్వలేదు."

"నాకు బండి అక్కర్లేదు. మీరు కావాలి. ఆ పని అయిపోతే మీరు… అయిపోతారనిపించింది."

నా వైపు తిరిగారు. "ఎర్రిదానివే నువ్వు" అన్నారు చివరికి. క్షమించారని కాదు. టీ అడిగారు. నేను ఇస్తేనే తాగారు. అదే చాలు ఈ పూటకి.

ఆగస్టు 16

బండి నడిచింది. కొత్త ఇంజన్, కొత్త గేర్ బాక్సు, వెనక పాత పెట్టె. లో గేరు వేసి సామ్సన్ కాళ్లు తీసి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బండి దానంతటది వీధిలో మెల్లిగా, కుదుపు లేకుండా. ఈయన కిటికీలోంచి చూస్తున్నారు. తలుపు రంగు సగమే ఉంది, ఇంకో రంగు డబ్బా తెచ్చి పూర్తి చేస్తానన్నాడు సామ్సన్. వద్దన్నారు. ఎందుకో.

నేనూ చూశాను. బాగుంది. పాపిష్టి బండి, ఎంత బాగుందో.

ఆగస్టు 23

ఈ రోజు చేసింది ఎలా రాయాలో తెలియడం లేదు.

డాష్‌బోర్డు మీద పాతకాలపు చేతి యాక్సిలరేటరు గుండీ ఒకటుంది. లాగితే వేగం, తోస్తే నెమ్మది. దాని తీగ కొత్త ఇంజన్‌కి కలిపించారు. ఒకచోట నిలిపి నట్టు బిగించేస్తే ఇక ఎవరు నడిపినా అదే నడక. ఈయన్ని దిండ్లు పెట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాడు సామ్సన్. నన్ను పిలిచారు.

"ఎనక్కెళ్లి డాలా ఒట్టుకో. నీ నడక్కి ఎడతాను."

అర్థమైంది. "నేను నడవను" అన్నాను.

"నీ మోకాలుకి ఎక్కువైతే ఎలగే? ఆ రోజున నువ్వు పరిగెట్టకూడదు."

అంత మామూలుగా, చెప్పుల సైజు అడిగినట్టు అడిగారు. సామ్సన్ స్టీరింగ్ పట్టుకుని ఏడుస్తున్నాడు, దాచుకోవడం కూడా మానేశాడు.

వెళ్లాను. చెయ్యి వేశాను. బండి కదిలింది. నేను అడుగులో అడుగు వేశాను. ఎంత మెల్లిగా నడవగలనో అంత మెల్లిగా నడిచాను, ఇంకా మెల్లిగా. ముందు నుంచి "ఎక్కువా?" అని కేక. "ఎక్కువే." గుండీ తోశారు. "ఇప్పుడో?" "ఇంకా ఎక్కువే." తోశారు. నేను దాదాపు నిలబడిపోయాను. ఇంజన్ గడగడ వణికి ఆగిపోయింది.

అద్దంలోంచి నన్నే చూస్తున్నారు.

"ఇది నీ నడక కాదే. ఇన్నేళ్లు నీ ఎనకాల సంచీ ఒట్టుకుని బజారుకెళ్లినోణ్ని, నాకు తెలదేటి? సరిగ్గా నడు."

ఆయాసం వచ్చేసింది ఆయనకు. ఇక చాలన్నాడు సామ్సన్.

ఆగస్టు 27

ఈయనకు మంచినీళ్లు తప్ప ఏమీ దిగడం లేదు. "రేపు నడుస్తావేటి?" అని అడిగారు. వాన అన్నాను. వాన పడుతోంది నిజంగానే.

ఆగస్టు 31, ఆదివారం

వీధి చివర దుర్గాపూజ పందిరికి వెదుళ్లు దించారు. వాటి పక్కనుంచి కాకుండా చుట్టుతిరిగి చర్చికి వెళ్లాను. మాస్టారి భార్య పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుంది. ఆవిడకు ఏమీ తెలియదు. చెప్పాలి. చెప్పలేదు.

సెప్టెంబరు 3

వాన వెలిసింది. ఈయనే అడిగారు, గొంతు సరిగ్గా రావడం లేదు, అయినా అడిగారు. సామ్సన్ ఎత్తుకుని తీసుకెళ్లాడు. ఎంత తేలికైపోయారో, సామ్సన్ నడకలోనే తెలిసింది.

సీట్లో దిండ్లు సర్దాను. కుడిచెయ్యి తానే ఎత్తి గుండీ మీద పెట్టుకున్నారు. "ఎల్లు" అన్నారు. మళ్లీ నా కొంగు పట్టుకుని — "నీ నడకే."

వెనక్కి వచ్చి డాలా మీద చెయ్యి వేశాను. సామ్సన్ స్టార్ట్ చేశాడు. ఈయన కేక కోసం చూస్తున్నాను. కేక రాలేదు. కొంతసేపయ్యాక సామ్సన్ తల బయటపెట్టి — "వదినా, అన్నకి నిద్రొట్టీసినాది." ప్రాణం ఎగిరిపోయింది నాకు. వెళ్లి చూశాను. నిద్రే. ఛాతీ కదులుతోంది. వేళ్లు గుండీ మీదే.

"ఆపీమంటావేటి?"

"ఆపకు" అన్నాను. నేను! ఈ ఇంజన్ ఎప్పటికీ లేవకూడదని కోరుకున్నదాన్ని.

మళ్లీ వెనక్కి వచ్చి నిలబడ్డాను. బండి నిలుచునే ఉంది, ఇంజన్ ఆడుతోంది, అరచేతి కింద చెక్క సన్నగా అదురుతోంది. ఎంతసేపు ఉన్నానో తెలియదు. పక్కింటివాళ్లు చూసి లోపలికి పోయారు.

ఇప్పుడు పక్క మీదకు చేర్చాం. పడుకునే ఉన్నారు. నట్టు ఇంకా బిగించలేదు. లేవగానే మళ్లీ నడవమంటారు. సరిగ్గా నడిస్తే, సరే వెళ్లండి అన్నట్టే కదా. నడవకపోతే ఇదీ ఆయన చేతిలోంచి నేనే లాక్కున్నట్టు. కుర్చీ మంచం పక్కకు లాక్కుని కూర్చున్నాను. ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు. కళ్లు విప్పుతున్నారు…